గట్టవతలి ఇల్లు

మదనపల్లెలో హనీఫ్ గడియారాల అంగడి. పుంగనూరు పక్క రైతొకాయన పెద్ద దుర్భిణీని బల్లమీద తిరిగి పెట్టేశాడు.

"హార్స్లీ కొండను ముంగిట్లోకి తెస్తాదప్పా అది."

"కొండ నాకెందుకు? బరువు. పట్టుకుంటే అంతా వణుకుతాండాది. ఆ చిన్నది ఇయ్యి."

"దానికి అంత దూరం అందదు."

"దూరమేముంది సాయిబూ. గట్టవతల మా తమ్ముడిల్లే."

హనీఫ్‌కు నవ్వొచ్చింది. "దానికి దుర్భిణీ యాల? నడిచిపోతే సరిపాయె."

"భాగాలు పంచుకున్యాక మాటల్లేవు. జబ్బుపడి లేసినాడంట. అరుగుమీద కూసునేది కనిపిస్తాది, మొగం తేరుకునిందో లేదో తెలీదు."

హనీఫ్ నవ్వు మాని, చిన్నదాన్ని తుడిచి ఇచ్చాడు.

"ఎండకు ఎదురుగా పట్టొద్దప్పా. అద్దం మెరిస్తే, సూస్తాండావని ఆయనకు తెలిసిపోతాది."

రైతు దాన్ని జేబులో వేసుకున్నాడు.

"పొద్దున్నే ఎండ మా ఇంటికి ఎదురే సాయిబూ. అప్పుడే సూస్తా."