తాత చేతిల విభూతి

“అవ్వా, తాత నిజంగనే జనాన్ని మోసం చేసిండా?”

ఎవలన్నరు గా మాట? మీ బడిల సారా? గారడీ చేసేటోళ్లంత దొంగలే అన్నడా? నువ్వేమో మా తాత గారడీ చేసిండని ఒక్క మాట అనకుంట కూసున్నవ్. గదే మండుతున్నది నాకు.

విను. మీ తాత ఉత్త చేతిలకెల్లి విభూతి తీసేటోడు. అది ఏడికెల్లి వస్తదో నాకెరుకే, చేసింది నేనే గదా. మన పొయ్యిల బూడిద జల్లెడ పట్టి, గంజిల కలిపి, రేగ్గాయంత... కాదు కాదు, శనగ్గింజంత ఉండలు కట్టి ఎండబెట్టేదాన్ని. బీడీలు చుట్టే చెయ్యి, అన్ని ఒక్క తీరుగ వచ్చేటియి. ఆయన వేళ్ల సందుల దాచి నలిపితే పొడి రాలేది. మా పిట్లం చిన్నమ్మకు గీ సంగతి ఎరుకే, అయినా ముందట కూసునేది. ఎందుకు చిన్నమ్మా అంటే, నీ మొగుడు ఏడ దాస్తడో ఇయ్యాల పట్టుకుంట అనేది. పట్టుకోలే, సచ్చేదాక. ఆట అయినంక మీ తాత పొట్ట మీద కొట్టుకొని, అంత దీని కోసమే, మహిమ లేదు, మంత్రం లేదని దండం పెట్టేటోడు. జనం సోలెడు జొన్నలు పోసి నవ్వుకుంట పోయేటోళ్లు. ఇందుల మోసపోయిందెవలు, చెప్పు?

ఒకపారి బిచ్కుంద అంగట్ల ఆట అయింది. ఒక పిల్లతల్లి పోతలేదు. చంకల పిలగాడు జరంతోని కాలిపోతుండు. గా విభూతి జెర మా పిలగాని నోట్ల వెయ్యన్నా అన్నది. చుట్టున్నోళ్లు గూడ వెయ్యి, వెయ్యి అన్నరు. బూడిదే గదా, వేస్తే ఏం పోతది అనుకున్న. అవును, నేనే అనుకున్న.

మీ తాత చెయ్యి తెరిచి, సందుల ఉన్న ఉండను అందరికి చూపెట్టిండు.

“ఇది మా పొయ్యిల బూడిద, చెల్లె. పిలగాన్ని దవాఖానకు తీస్కపో.”

ఆమె బాన్సువాడ బస్సు దిక్కు ఉరికింది. పిలగాడు బతికిండో లేదో నాకెరుక లేదు, అబద్ధం చెప్ప. జనం మాత్రం మా మీదికొచ్చిర్రు. ఇన్నేండ్లు మోసం చేసినవురా అని తిట్టిర్రు, ఒకడు మా డోలక్‌ను తన్ని పలగ్గొట్టిండు. మహిమ లేదని ఆయన ప్రతి ఆటల చెప్పలేదా? గప్పుడు నవ్విర్రు. బిచ్కుందల మల్ల మా ఆటకు పది మంది గూడ నిలబడలే.

మీ సారుకు చెప్పు. మీ తాతను జనం మోసగాడన్నది ఒక్క దినమే. చెయ్యి తెరిచి చూపెట్టిన దినం. నీకు భయమైతే నేనొస్త బడికి... వద్దులే, నువ్వే చెప్పాలె. చెప్తవు నువ్వు. సల్లగుండు బిడ్డా.