వెచ్చబెట్టిన కళ్లెం

గుర్రాలశాల ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద మావయ్య కూర్చున్నాడంటే ఆ పూట ఇంక ఎవరి పనీ సాగదు. గడ్డిమోపులు తోలే బండి ఆయనది, దాన్ని లాగే ముసలి గుర్రం ఆయనది, కోతలు కోసే హక్కు కూడా ఆయనదే. ఆ చలిపొద్దున బండిని కొట్టు ముందే అడ్డంగా ఆపి, టీ మీద టీ తాగుతూ చుట్టూ చేరినవాళ్లని నవ్విస్తున్నాడు.

మేనకోడలికి మాత్రం నవ్వే ఓపిక లేదు. శాలలో కొత్త గుర్రాల్ని మాలిమి చేసే పని ఆమెది. అక్కడ గోధుమరంగు ఆడగుర్రం ఒకటుంది. ఆమె చేతిలో మేత తింటుంది, జీను వెయ్యనిస్తుంది, కళ్లెం కనపడితే మాత్రం పళ్లు బిగించి మెడ పైకెత్తేస్తుంది. మధ్యాహ్నంలోగా దారికి రాకపోతే కొరడావాడికి అప్పగిస్తానని యజమాని తెగేసి చెప్పాడు. వాడి చేతిలో పడ్డ గుర్రాలు మనిషి నీడ చూసినా వణుకుతాయి. అందుకే పాపం, కళ్లెం పట్టుకుని మావయ్య దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

మావయ్యకి అంతకన్నా ఏం కావాలి, కాలు మీద కాలేసుకున్నాడు.

"ఓస్, ఇంతేనా. నా కుర్రతనంలో ఇలాంటి మొండిఘటమే ఒకటి తగిలిందే. అందరూ కర్ర తీశారు. నేను మాత్రం, అసలు దాని బాధేంటో చూద్దామని ఆ కళ్లెం నా నోట్లోనే పెట్టుకున్నా. అమ్మ బాబోయ్, ఆ చలికి ఇనుము మంచుముక్కే అనుకో, పళ్లు జివ్వుమన్నాయి. అప్పుడు చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి ఇచ్చా, కిమ్మనకుండా అందుకుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ పన్ను ఊడుంటుంది" అన్నాడు పక్కనే కూర్చున్న, గుర్రాలకి నాడాలు కొట్టేవాడు.

మావయ్య విననట్టే సాగిపోయాడు. గుర్రం మనసు తెలియాలంటే గుర్రంలా బతకాలని, దాని పక్కనే నిలబడి నిద్రపోయాడట, అది జాలిపడి గడ్డి పరిచి ఈయన్ని పడుకోబెట్టిందట. ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ చూడ్డం కూడా పట్టుబడి, కుడివైపు అత్తయ్యనీ ఎడమవైపు పొంగుతున్న పాలనీ ఒకేసారి చూసేవాడట. ఇక ఆ గుర్రమైతే రోజూ కళ్లెం తనే పట్టుకొచ్చి ఈయన్ని లేపేదట, మిగతా గుర్రాల్ని వరసలో నిలబెట్టి పాఠం చెప్పేదట. చివరికి ఓసారి దాని కాళ్లు నొప్పెడితే, ఎప్పుడూ అదే మోయాలా, దాని వైపు నుంచి ఆలోచించొద్దా అని, ఈయనే దాన్ని వీపుకెత్తుకుని ఏరు దాటించాడట.

"ఏటి మధ్యలో నా చెవిలో, మావా కాస్త నెమ్మది, కళ్లు తిరుగుతున్నాయి అందిరా."

"నిన్ను మావా అందా?" అన్నాడు నాడాలవాడు.

"అంత చనువు మరి."

అందరూ నవ్వుతుంటే మేనకోడలు మాత్రం శాలకి వెళ్లిపోయింది. చంక అన్న మాట దగ్గరే ఆమె కళ్లెం ఇనుముని శాలువాలోకి తోసేసింది, ఆ తర్వాతి ఏరూ పాఠాలూ ఏవీ ఆమె చెవికెక్కలేదు.

శాల గేటులోంచి అందరికీ కనపడుతూనే ఉంది. ఆడగుర్రం మెడ ఎత్తింది. ఆమె బలవంతపెట్టకుండా ఇనుముని దాని పెదవికి తాకించి ఊరుకుంది. గుర్రం వాసన చూసింది, నాకింది, మెల్లగా నోరు తెరిచింది. యజమాని కాసేపు చూసి, కొరడావాణ్ణి రావద్దని కబురు పెట్టాడు.

"మొండిదనుకున్నాను మావయ్యా, చలికని అనుకోలేదు" అంటూ వచ్చి కళ్లు తుడుచుకుంది మేనకోడలు.

మావయ్య మీసం దువ్వాడు. అదంతా తను ఇక్కణ్ణుంచే మనసులో చెప్తే గుర్రం విన్నదట. తను తలుచుకుంటే చాలు, ఎంతటి గుర్రమైనా గాలికన్నా ముందు కదులుతుందట.

టీకొట్టు ఆవిడ గ్లాసులు కడగడం ఆపి తలెత్తింది. "నీ మాటలు కోటలు దాటాయి గానీ అన్నయ్యా, పొద్దున్నించీ నీ బండి నా కొట్టు గడప దాటలేదు. దీన్ని కూడా కాస్త తలుచుకుందూ."

అందరూ బండి వైపు తిరిగారు. కొరడా దోపుకునే చోట గొడుగు ఉంది. మావయ్య లేచి వెళ్లి ముసలి గుర్రం చెవిలో ఏదో చెప్పాడు. అది ఒక కాలెత్తి, కాసేపు ఆలోచించి, మళ్లీ అక్కడే పెట్టింది. కొట్టంతా గొల్లుమంది.

మావయ్య తిరిగొచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"పొద్దున్నించీ అడుగుతూనే ఉన్నా, రానంటోంది" అన్నాడు చిన్నగా. "దానికీ ఓ మాటుంటుంది కదే."

మేనకోడలు ఆయన పక్కనే సర్దుకు కూర్చుని ఇద్దరికీ టీ చెప్పింది.