బలం బిళ్ళలు

స్కూలు యూనిఫారాలు కుట్టి బతికే మనిషి, వాచిన మణికట్టు ఒళ్ళో పెట్టుకుని డాక్టరమ్మ ముందు కూర్చుంది. మందుల షాపు నడిపే మొగుడు ఆమె కుర్చీ వెనక నిలబడి, అడగని వాటికి కూడా జవాబులు చెబుతున్నాడు.

"మోకాలు ముందా, మణికట్టు ముందా?"

"మోకాలేనండి. అది తగ్గిందనుకునేసరికి మడమకి దిగింది. ఇప్పుడు చెయ్యి. కత్తెర పట్టలేకపోతున్నా."

"మిషను తొక్కుడండీ. రోజంతా అదే పని. నేను ఆయింట్‌మెంటు రాస్తూనే ఉన్నా."

"మీరు కాసేపు ఊరుకోండి. ఈ పొక్కులెప్పట్నించమ్మా?"

"జ్వరం తగిలినప్పట్నించి. నాలుగైదే. నడుమ నల్లగా, చుట్టూ చీము. చూసుకుంటే నాకే అసహ్యమండి."

"నిజం చెప్పొద్దూ, నాకూ అంతేనండీ. వేరే గదిలో పడుకోమన్నా."

"ముట్టుకుంటే అంటుకునేది కాదు. మీరు బయట కూర్చుంటారా, ఈవిడతో మాట్లాడాలి."

"నేనుండాలండీ. దానికి భయం."

"ఈయన్ని ఉండనివ్వండి, పర్లేదు."

"సరే. అమ్మా, ఇది పక్కలోంచి వచ్చే జబ్బులా ఉంది. గనేరియా, సెగరోగమంటారు. ఆడవాళ్ళలో చాలామందికి కింద ఏమీ తెలీదు. ఎవరో ఒకరికి మాత్రం రక్తంలో పడి, ఇలా కీళ్ళకీ చర్మానికీ పాకుతుంది."

"పక్కలోంచా? నాకు ఈయన తప్ప..."

"ఏం మాటలండీ అవి, పరీక్ష లేకుండా? కంగారుపడకే, నేనున్నాగా."

"పరీక్ష చేయిస్తా. ఆలస్యమైతే ఆ కీలు బిగుసుకుపోతుంది. గుండెకెక్కితే ప్రాణం మీదికే వస్తుంది. ఇవాళే చేరాలి. ఈమధ్య మందులేమైనా వాడావా?"

"లేదండి. ఈయనిచ్చిన బలం బిళ్ళలే."

"ఏం బిళ్ళలు?"

"మామూలు విటమిన్లండీ."

"పేరు?"

"పేరు... ఇప్పుడు గుర్తు రావట్లేదండీ."

"షాపు మీదేగా."

"అట్టలోంచి విప్పి పొట్లం కట్టి ఇచ్చారండి. రెండు మింగితే ఒకటే వాంతులు. మిగతావి సింకులో పారబోశా."

"పారబోశావా? ఒక్కటీ మానకుండా మింగమని ఎన్నిసార్లు చెప్పానే నీకు? నేను మొత్తం వేసుకున్నా, నాకు తగ్గిపోయింది. నువ్వు పారబోశావు, ముదరబెట్టుకున్నావు."

"అమ్మా..."

"ఏ సూది పొడుస్తారో పొడవండి, డాక్టరుగారూ. ముందు నా భుజం మీంచి ఈయన చెయ్యి తియ్యమనండి."