సన్నాయి మీద అర్జీ

"తాతయ్యా, మా తాత పొద్దున్నే సన్నాయి ఊదుతుంటే మీ లైనంతా లేచి దండం పెట్టేదట కదా?"

ఎవరు చెప్పారమ్మా, మీ మావయ్యా? దండమా, నా బొంద! అర్జీ పెట్టాం. ఫోన్లో రికార్డవుతోందా? అచ్ఛా, అవనీ.

అప్పుడు చాతం దీవిలో వరసగా రేకుల క్వార్టర్లు, లైను అనేవాళ్ళం. మీ తాతకీ నాకూ మధ్య ఒక్క చెక్క గోడ. పడాక్ చెక్క... కాదులే, అంత ఖరీదైన పడాక్ మాకెవరిస్తారు, ఏదో మామూలు చెక్క. సన్నాయి పెళ్ళిలో వినాలి గానీ, తెల్లారకుండా చెవి పక్కన గంటసేపు ఒకటే స్వరమా? ఆ రోజుల్లో రెండు రూపాయలకి ఇంత సూర్మయి చేప ఇచ్చేవాడు. నిద్ర మాత్రం ఏ ధరకీ దొరికేది కాదు.

లైన్లో బి.ఏ. చదివింది నేనొక్కణ్ణే. అందుకని క్వార్టర్ల ఆఫీసుకి ఇంగ్లీషులో అర్జీ నేనే రాశాను. ఏడిళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు.

నాలుగు రోజులకి, జవాబిమ్మని ఆఫీసు వాళ్ళిచ్చిన ఆ అర్జీ కాగితమే పట్టుకుని మీ తాత ఎవరి దగ్గరికొచ్చాడనుకున్నావు? నా దగ్గరికే! ఆయనకి చదువు రాదు కదా, ఏ కాగితమొచ్చినా నేనే చదివిపెట్టేవాణ్ణి. "ఏం రాశారో చెప్పు బాబూ" అన్నాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయింది. చదివాను. 'గాడిద గోల' అని రాశాను, అదీ దాచలేదు.

"బాగా రాశాడు. జవాబు కూడా నువ్వే రాయి" అన్నాడు. పిల్లలు బడికెళ్ళాకే ఊదుతానని, నీళ్ళొచ్చే రోజు అందరం బకెట్లు పట్టుకోవాలి గనక అసలు ఊదనని రాయించాడు. "మానను. అది మాత్రం పెద్దక్షరాల్లో రాయి" అన్నాడు. వేలిముద్ర వేసి, గుమ్మం దాటుతూ అన్నాడు కదా, "నీ అక్షరాలు కుడిపక్కకి పడుకుంటాయి బాబూ. మా ఊరికి నువ్వు రాసిపెట్టే ఉత్తరాల్లో చూస్తాను గదా."

తెలిసే వచ్చాడమ్మా! తెలిసే నా చేత చదివించుకున్నాడు.

ఇప్పుడు మీ మావయ్య, మీ తాత మీద వేస్తున్న పుస్తకంలో ఇది వద్దంటాడు. పరువు పోతుందట. ఎవరి పరువు? ఇది తీసేస్తే నా పేరు కూడా తీసెయ్యమను. సభల్లో మీ తాతకి శాలువాలు కప్పినవాళ్ళు తయారైన పాట విన్నారు. అది తయారవుతుంటే విన్నది మేము. తిట్టుకుంటూ విన్నాం. రాసుకో.

నువ్వూ నేర్చుకుంటున్నావట కదా? మిన్నీ బేలో మీ ఇంట్లో, తలుపులన్నీ మూసుకుని? ఛ! తెరిచి ఊదు తల్లీ. నీ మీద కూడా పక్కింటివాళ్ళు అర్జీ పెట్టాలి. జవాబు నేను రాస్తాను.