డీన్ సార్ ఎర్ర ఇంకు

యూనివర్సిటీలో హాస్టల్ ఆఫీసు. కిటికీకి ఇవతల మొదటి సంవత్సరం సమ్మక్క, అవతల గుమాస్తా నరహరి.

“మళ్ల వచ్చినవా?”

“నాలుగోసారి సార్. నా రూం అప్లికేషన్...”

“చెప్పిన కద బిడ్డా. లుక్ ఇన్‌టూ చేస్తున్నం.”

“అంటే ఏంది సార్?”

“ఇంగ్లీషు రాదా నీకు?”

“తార్నాకల స్పోకెన్ ఇంగ్లీషు కోచింగ్‌కు పోతున్న సార్. లుక్ ఇన్‌టూ అంటే సంగతేందో పూరా తెలుసుకొనుడు అని చెప్పిండ్రు.”

“ఆ, గదే. గదే చేస్తున్నం.”

“నెలన్నర అయింది సార్.”

“ఊకెనే అయితదా? ఇగో, నీ అప్లికేషన్ కవరే, దీని మీద చూడు. సూపరింటెండెంట్ రాసిండు, ‘ప్లీజ్ లుక్ ఇన్‌టూ’. వార్డెన్ మేడం రాసింది, ‘ప్లీజ్ లుక్ ఇన్‌టూ’. డీన్ సారయితే ఎర్ర ఇంకుతోని రాసిండు.”

“ఆయన గూడ అదేనా సార్?”

“ఆయన ‘అర్జెంట్’ అని గూడ పెట్టిండు. పెద్దాయన గద.”

“అంటించిన కవరు అంటించినట్టే ఉన్నది సార్.”

“పదిలంగ పెట్టినం మరి.”

“ఇప్పుడు ఎవరు చూడాలె సార్?”

“మళ్ల సూపరింటెండెంటే. ఆయన లీవుల ఉన్నడు.”

“రేపు మా నాయిన వస్తుండు సార్. రూం రాకపోతే సదువు బంద్ చేపిచ్చి ఊరికి తీస్కపోతడు.”

“మీ నాయినకు చెప్పు, లుక్ ఇన్‌టూ...”

“ఆయనకు ఇంగ్లీషు రాదు సార్.”

“నేనేం చెయ్యాలె మరి? జరుగు, చాయ్ టైమయింది.”

“ఒక్క మాట సార్. కోపం చెయ్యద్దు. నా అప్లికేషన్ నిన్న దొరికింది.”

“దొరుకుడేంది? గీడ నా చేతిలనే ఉన్నది గద.”

“నా డైరీల దొరికింది సార్. అప్లికేషన్ ఇచ్చిన రోజు భయంల కవర్ల వేరే కాయితం పెట్టి అంటించిన.”

“వేరేదంటే?”

“కోచింగ్ హోంవర్క్ సార్. లుక్ ఇన్‌టూ మీద పది వాక్యాలు.”

“మెల్లగ. మెల్లగ మాట్లాడు.”

“కవరు ఇయ్యుండ్రి సార్, అసలుది పెడ్త.”

“ఆగు. మూడు సంతకాలున్నయి దీని మీద. డీన్ సార్‌ది గూడ. ఇప్పుడు విప్పితే అందరి ఇజ్జత్ పోతది. ఎవరికన్న చెప్పినవా?”

“లేదు సార్. డైరీల రాసుకున్న, అంతే.”

“డైరీల? పేర్లతోనా?”

“తారీఖులతోని గూడ సార్.”

“రూం నంబర్ ఇరవై మూడు బిడ్డా. కిటికీ పక్క మంచం. ఇగో తాళం.”

“శానా థాంక్స్ సార్.”

“డైరీల ఆ పేజీ మాత్రం ఇయ్యాల్నే చింపెయ్యాలె. చింపేస్తవు గద?”

“లుక్ ఇన్‌టూ చేస్త సార్.”