బోజెనా జాడీ, ప్లమ్ పళ్ళ బుట్ట

ఆ గుడ్డ ఎత్తకు టెరెజా, పొంగు బాగానే వస్తోంది, వాసన చెబుతోందిగా. గుడ్డ బీరుకి తగలకుండా బిగించి కట్టు, అంతే. తడిసిందంటే ఈ బుల్లి ఈగలన్నీ దాని మీదే కాపురం పెడతాయి. ఆఁ? అంత చిన్న ఈగ ఎంత తాగుతుందనా? అది తాగేదాంతో మనకి బెంగ లేదు తల్లీ. పండు కుళ్ళిన చోట వాలి, కాళ్ళకి పులుపు అంటించుకుని వస్తుంది చూడు, అదీ గొడవ. అది కలిసిందంటే జాడీ జాడీ వెనిగర్ అయి కూర్చుంటుంది. నలభై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పానే గానీ, నాకు ఈ పాఠం చెప్పింది మాత్రం పక్కింటి బోజెనా. నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మిల్వాకీ బీరు ఫ్యాక్టరీల్లో పనిచేసొచ్చిన మగాళ్ళు కూడా ఆవిడ సీసా అంటే చెయ్యి చాచేవాళ్ళు. మొగుడు వెండెలిన్, వడ్రంగి. మంచి చెయ్యి. మా వంటింటి తలుపు ఆయన బిగించిందే, ఇప్పటికీ కిర్రుమనదు. ఏం చెబుతున్నాను? ఆఁ, ఆయనకి తాగడం తప్ప కాయడం రాదు.

ఆగస్టు నెల, గురువారం. ఆవిడ నేలమాళిగలో జాడీ నింపి, ఈస్టు కలిపి, గుడ్డ కట్టింది. ఆ పూటే పెరట్లో ప్లమ్ పళ్ళు కోసి, బుట్టెడు, అక్కడే మెట్ల కింద పెట్టింది, శనివారం జామ్ చేద్దామని. శుక్రవారం బట్టలు ఆరేస్తూ తీగ పట్టుకుని అలాగే కూలిపోయింది. గుండె. సోమవారం సమాధి చేసొచ్చాం. పైన అందరూ భోజనాలు చేస్తుంటే వెండెలిన్ కనపడడు. దిగి చూద్దును కదా, జాడీ పక్కన పెట్టె బోర్లించుకుని కూర్చుని, టోపీతో ఈగల్ని తోలుతున్నాడు. "టీచరమ్మా, విను, ఇంకా బుసబుసమంటోంది. ఆవిడ కలిపిందే. ఇది వెనిగర్ అయిపోతే నేను తట్టుకోలేను," అన్నాడు. పైనుంచి ఆయన చెల్లెలు అనెష్కా, దాని గొంతు తెలుసుగా, సందు చివరిదాకా వినపడుతుంది, "పెళ్ళాం పోతే బీరుకి కాపలా ఏమిటి, వీడికి మతి పోయింది!" అని.

నేను చూస్తే ఏముంది, ఈగలు అందులో పడి చస్తాయని ఎవరో చెప్పారట, గ్లాసులో వెనిగర్ పోసి జాడీకి ఆనించి పెట్టాడు! "అయ్యా, దొంగల్ని పట్టడానికి బీరువా పక్కనే విందు పెడతారా?" అన్నాను. గ్లాసు తీసుకెళ్ళి దూరంగా కిటికీలో పెట్టి, రెండు చుక్కలు సబ్బునీళ్ళు వేశాను. ఎందుకో చెప్పు? మామూలు వెనిగర్ మీద ఈగ నిలబడి తాగి ఎగిరిపోతుంది. సబ్బు పడితే పైపొర పట్టు తప్పి మునిగిపోతుంది. గుడ్డ కూడా రెండు మడతలు చేసి కట్టాం. మర్నాటికి గ్లాసు నల్లగా నిండింది, అయినా ఈగలు తగ్గలేదు. తగ్గుతాయా, మెట్ల కింద బుట్ట ముగ్గి వాసనేస్తుంటే! "పళ్ళు తీసెయ్యాలి," అన్నాను. "ఆవిడ కోసినవి, ఎలా పారేస్తాను?" "అయితే బీరు పోతుంది." "అదీ ఆవిడదేగా టీచరమ్మా." నేను వెళ్ళి మెట్టు మీద కూర్చున్నాను. నల్లబల్ల ముందు నించున్న పిల్లాడిని తొందరపెడితే లెక్క రాదు.

చివరికి ఆయనే లేచాడు. బుట్ట ఎత్తుకుని వీధి మెట్ల మీద కూర్చున్నాడు. పోయేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ పిలిచి, "రా, ఒకటి తిను, బోజెనా కోసింది," అంటాడు. పోస్టుమాన్ రెండు తిన్నాడు. ఫాదర్‌గారు మూడు తిని చొక్కా చేతికి మూతి తుడుచుకున్నారు. అనెష్కా మూతి తిప్పుకుంటూనే ఒళ్ళో నింపుకుపోయింది. దెబ్బ తిన్నవాటిని ఈయనే చాకుతో చెక్కి, బాగున్న ముక్క నోట్లో వేసుకునేవాడు. కడుపు పాడైందనుకో, అయినా బుధవారానికి బుట్ట ఖాళీ. కడిగి ఎండలో పెట్టాడు. తర్వాత రెండ్రోజులకి ఈగలూ లేవు.

సీసాలకి ఎత్తి, రెండు వారాలు ఆగి, నన్ను పిలిచాడు. గ్లాసులో పోసి వెలుతురుకి పెట్టి చూశాడు. తాగాడు. నేను మెట్ల మీద నించుని చూస్తున్నాను. పుల్లబడలేదు. మూతి తుడుచుకుని, "చప్పగా ఉంది!" అని ఒక్క అరుపు అరిచాడు, తల పైకెత్తి, వంటింటి వైపు. "చేదుకి ఆ హాప్స్ పువ్వులు ఇంకో గుప్పెడు వెయ్యమని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, వింటేనా!" ఈ అరుపు నేను గోడ అవతల నుంచి ఎన్నిసార్లు విన్నానో. ఆయన కింద నుంచి అరవడం, ఆవిడ పైనుంచి "అయితే నీళ్ళు తాగు!" అనడం. ఎన్నడూ ఒక్క మాట అటూ ఇటూ కాలేదు.

ఆయన గ్లాసు పట్టుకుని అలాగే పైకి చూస్తున్నాడు. నేను నించున్నదేమో సరిగ్గా వంటింటి గుమ్మం దగ్గరి మెట్టు. ఆవిడ జవాబు నా నాలిక చివరిదాకా వచ్చింది తల్లీ. అనలేదు. ఆ మాట నాది కాదుగా. ఆయన చూస్తూనే ఉన్నాడు...

ఆ శాలువా ఇటియ్యి. చలేస్తోంది.