చిన్న గ్లాసులు

మధ్యాహ్నం మొదటి బీరు పోయబోతూ పబ్బు యజమానురాలు గ్లెనిస్ చటుక్కున ఆగింది. కొత్త చిన్న గ్లాసులన్నిటి మీదా కొలత సరైనదని చూపే ప్రభుత్వ ముద్రను ఎవరో గీకి చెరిపేశారు. పబ్బులో మూల బల్ల దగ్గర ముసలి విల్ఫ్ తప్ప ఎవరూ లేరు.

“ముద్ర లేని గ్లాసులో పోస్తే నా లైసెన్సు ఊడుతుంది విల్ఫ్! ఎవడి పనిది?”

“నాకేం తెలుసమ్మా? అరలీటరు పైచిలుకు పట్టే ఆ పాత పైంటు గ్లాసులు దించరాదూ?”

“చట్టం మారిందిగా. పైంటులో మూడింట రెండొంతుల కొలతతోనూ అమ్మొచ్చట. ఇకమీదట ఇక్కడ అదే కొలత.”

“అది గ్లాసా, దగ్గుమందు మూతా?”

“చాలకపోతే ఇంకోటి తాగు.”

“డాక్టరు రోజుకి ఒక్క గ్లాసే అన్నాడు.”

“అయితే మరీ మంచిది, తక్కువ తాగుతావు. అవునూ, నీ కోటు చేతికి ఆ గాజుపొడి ఏంటి?”

విల్ఫ్ చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు.

“విల్ఫ్!”

“నేనేనమ్మా. నిన్న నువ్వు పీపాలగదిలోకి దిగినప్పుడు గరుకు కాగితంతో రుద్దేశాను. గ్లాసులో బీరున్నంతసేపూ నన్నెవరూ లేచి పొమ్మనరు. పైంటైతే నువ్వు దీపాలార్పేదాకా సాగదీస్తాను. మా ఆవిడ మార్జరీ పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఈ చిన్నదాంతో అంతసేపు కూర్చోవడం నావల్ల కాదు.”